రంగులు తెలియనివ్వని లైటు

చంద్రపూర్, గోల్‌బజార్. మధ్యాహ్నం పన్నెండు దాటింది. వెంకటి లైట్ల దుకాణంలో బల్ల మీద సంచి పెట్టింది మ్యాచింగ్ సెంటర్ ఝాన్సీలక్ష్మి. సంచి మూతి మాత్రం పిడికిట్లోంచి వదలలేదు.

"లోపల పిల్లి గిట్ల ఉన్నదా వదినా, గంత గట్టిగ పట్టుకున్నవ్?"

"దాని సంగతి తర్వాత. ముందుగాల రాసుకో వెంకటీ. దుకాణం మొత్తం లైట్లు మారుస్తున్నం. నాలుగ్గంటల లోపల బిగియ్యాలె."

"రవీంద్రన్న ఫోన్ చేసిండు. నాలుగ్గంటలకు ఏందో పరీక్ష ఉన్నదంట కదా?"

"మా ఆయనకు నోరాగదు. పరీక్ష లేదు, గిరీక్ష లేదు. రాసుకో. మిషిన్ల గది."

"మిషిన్ల గదికి ఏం రోగం?"

"లైటు నెత్తి మీద ఉన్నది. కుట్టేటోళ్ళ చెయ్యి నీడ వాళ్ళ సూది మీదనే పడ్తది. మొన్న నర్సక్క వేలు కుట్టుకొని, సూదిని ఏమనలే, నన్ను తిట్టింది."

"మిషిన్‌కొకటి, మెడ వంచేటి చిన్న లైటు ఇస్త. ఎడమ దిక్కుకెళ్ళి పడాలె. అప్పుడు నీడ సూది మీదికి రాదు."

"పల్లవిది ఎడమ చెయ్యి వాటం."

"ఆమెకు కుడి దిక్కు పెట్టు. వదినా, నీకు మస్తు తెలివున్నది. నా దగ్గరికి ఇంజినీర్లు వస్తరు, ఎవ్వరు గింత సోంచాయించరు."

"పొగడకు. ఇస్త్రీ బల్ల."

"పొడుగు ట్యూబులు రెండు, పైన పాలరంగు మూతున్నయి. ఒట్టి బల్బు పెడితే ఇస్త్రీపెట్టె మీదికెళ్ళి తళుక్కుమని కండ్లల్ల కొడ్తది."

"మంచిది. సామాన్ల గది."

"దానికి సెన్సారుది. మనిషి కదిలితే వెలుగుతది. రెండు నిమిషాలు కదలకుంటే ఆరిపోతది."

"కదలకుంటే ఆరిపోతదా? అయితే అది మా ఆయన కంప్యూటర్ బల్ల మీద పెట్టు."

"వద్దు వదినా. కూసొని పని చేసేటోళ్ళ మీద అది పెట్టొద్దు. పని చేస్తుంటె కూడ ఆరిపోతది."

"మా ఆయన పని చేస్తే కదుల్తడు. నాలిక బయటపెట్టి, కాళ్ళు ఊపుకుంట టైపు కొడ్తడు. కదుల్తలేడంటే నిద్రే. లైటు ఆరంగనే నాకు బయటికెళ్ళే తెలుస్తది."

"చీకటైతే ఇంక మంచిగ పంటడు కదా?"

"...అది సోంచాయించలే. కొట్టెయ్యి."

"కంప్యూటర్‌కు పక్కకెళ్ళి మెత్తటి లైటు పెడ్త. తెర మీద పడొద్దు. అయిపాయె. ఇగ అసలుది. గద్దె మీదికి."

"గద్దె మీదికి ఏమొద్దు."

"ఏమొద్దంటే ఎట్ల? బ్లౌజ్ పీసులు చీరలకు జత కట్టేది అక్కడనే కదా! ఇగో, ఇది చూడు. డబ్బా మీద తొంబై అయిదని ఉన్నది. ఎండల కనబడే రంగుకు నూరు మార్కులైతే దీనికి తొంబై అయిదు. రాణీ రంగు రాణీ రంగు లెక్కనే కనబడ్తది."

"మస్తు తెల్లగున్నది. వద్దు."

"దీన్లనే జర పసుపు మీదుండేది ఉన్నది. ఇగో."

"పచ్చకామెర్లు వచ్చినట్టున్నది."

"ఇది రెంటికి నడుమది."

"నడుమ ఉన్నది. వద్దు."

"నడుమ ఉండుడు కూడ తప్పేనా?"

"గుండ్రంగున్నది."

"వదినా, ఒక్క మాట చెప్పు. నేను లైటు సూపిస్తున్ననా, సంబంధం సూపిస్తున్ననా?"

"సరే. సంచి విప్పుతున్న. నవ్వితే ఊకోను. ...ఇగో. నాకు గిసొంటిదే కావాలె."

"ఇది మీ గద్దె మీది పాత లైటు! దీపావళికి నేనే బిగిస్తి. వద్దు వద్దంటే వినకపోతిరి. ఎదురుంగ మొబైల్ దుకాణం లెక్క ధగధగ ఉండాలంటిరి."

"ఇప్పుడది మినుకుమినుకు అంటున్నది. నాలుగ్గంటలకు సరిగ్గ పోతదేమోనని భయం. గిసొంటిది ఇంకొకటియ్యి. దీనికంటె చెడ్డది ఉంటే ఇంక మంచిది."

"చెడ్డదా?"

"మస్తు చెడ్డది. నవ్వొద్దన్న కదా!"

"నవ్వుతలేను వదినా. నా మూతే గిట్లుంటది. అసొంటి చెడ్డది నా దగ్గర ఒక్కటే మిగిలి ఉండె. పొద్దుగాల ఒకామె తీస్కపోయింది."

"దాన్నెవరు కొంటరు?"

"పేరు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నది. ముందుగాల నువ్వు చెప్పు. చెడ్డ లైటు నీకెందుకు?"

"నాకు కాదు. మాకు తెలిసినామె ఒకామె ఉన్నది."

"ఎంత వయసు?"

"అరవై ఎనిమిది."

"ఏం చేస్తది?"

"గద్దె మీద కూసుంటది. ముప్పై ఏండ్ల సంది."

"బాలమ్మ పెద్దమ్మనా?"

"నేను పేరు చెప్పలే!"

"చంద్రపూర్ల గద్దె మీద కూసునే అత్తమ్మ నీకు ఇంకొకామె ఉన్నదా?"

"జర మెల్లగ మాట్లాడు. ...అత్తమ్మ కన్ను పోయింది వెంకటీ. రంగులు తెలుస్తలేవు. పొద్దుగాల గద్దె మీద ఆమె కూసుంటది, పగటాల నేను. పొద్దుగాల కొన్నోళ్ళు పగటాల నా దగ్గరికి వాపస్ తెస్తున్నరు. 'తాయీ, హా రంగ్ వేగళా ఆహే' అంటరు. రంగు వేరే ఉన్నదే అని. బయట ఎండల చూపిస్తరు, నిజమే. నీలానికి నలుపు కట్టింది. మెరూన్‌కు కాఫీ రంగు కట్టింది. బాలమ్మ! కాఫీ రంగు! నేను ఎవ్వరికి చెప్పకుంట దాసిపెడుతున్న."

"దాసిపెట్టినవ్, మంచిది. మరి పరీక్షేంది?"

"మొన్న ఆదివారం ఘుగ్గుస్ కాలనీకెళ్ళి ఒకామె తప్పు జత వాపస్ తెచ్చింది. ముంగట మాధురి ఉండె."

"మాధురంటే మీ చిన్న తోడికోడలు, నాగపూర్ల ఫ్యాషన్ కోర్సు చదివినామె?"

"ఆరు నెల్ల కోర్సు. ఆరేండ్ల నుంచి చెప్తున్నది. 'ఇద్దర్ల ఎవరిదో కన్ను పోయింది, మంచి లైటు పెట్టి ఇద్దరితోని పది జతలు కట్టియ్యాలె, తప్పు కట్టినోళ్ళు గద్దె దిగాలె' అన్నది. మా ఆయన సరే అన్నడు. మా ఆయన అందరికీ సరే అంటడు."

"అయితే చెడ్డ లైటు పెడితే..."

"మాధురి కూడ ఆ లైటు కిందనే చూస్తది కదా! మా దుకాణం సొరంగం, లోపలికి ఎండ రాదు. ఆమెకు కూడ ఏం తెల్వది. పదికి పది అనుకుంటది. అత్తమ్మ గద్దె అత్తమ్మకుంటది."

"దిగితే ఏమైతది వదినా? పెద్దమనిషి, ఇంట్ల కూసుంటది."

"ఇంట్ల ఏం చేస్తది? టీవీ చూస్తది. సీరియల్‌ల ఆడోళ్ళ చీరలకు జాకెట్లు కలుస్తలేవని ఇప్పటికే గంట సేపు తిడ్తది. ఇగ దినమంత తిడ్తది. ...నేను ఈ ఇంటికి వచ్చినప్పుడు నాకు ఎరుపు, పచ్చ, నీలం, గంతే తెలుసు. నా చేతుల ముక్కలు పెట్టి నేర్పింది. నేరేడు రంగు లోపల ఎరుపుంటది, వంకాయ రంగు లోపల నీలముంటది, లోపలికి చూడు పిల్లా అనేది. ఆమెను నేను పరీక్షకు కూసుండబెట్టి గద్దె దింపాల్నా? నువ్వు ముక్కు తుడుచుకుంటున్నవేంది?"

"దుమ్ము వదినా. బొగ్గు లారీలు. సరే, ఈ పాత లైటునే బాగుచేసి ఇస్త. జర నాకు సమజ్ కాలే గని, తప్పు జతకు మంచి జతకు గంత తేడా ఉంటదా?"

"ఉండదా? ఇగో, సంచిల ఉన్నది. నిన్న పగటాల నేను కట్టిన. ఇది చీర కొంగు ముక్క, మెరూన్. ఇది బ్లౌజ్ పీస్, మెరూన్. పెండ్లోళ్ళది, అసొంటియి పదకొండు కట్టిన. సాయంత్రం తీస్కపోతరు. జతంటే గిట్లుండాలె."

"జర గడప దాక రా. ఎండల చూద్దం."

"చూడు, చూడు. భయమా నాకు?"

"వదినా, ఈ పీసు ఏ రంగు?"

"మెరూన్."

"కండ్లు తెరిచి చెప్పు."

"మెరూనే. ఇట్ల తిప్పు. కాదు, అట్ల తిప్పు. ...వెంకటీ."

"ఊఁ."

"కాఫీ."

"కాఫీయే."

"పదకొండు కాఫీలు కట్టిన! అయ్యో, నా కన్ను కూడ పోయింది! అంటురోగమా ఇది? ఒక్క గద్దె మీద కూసుంటున్నం, అత్తమ్మకెళ్ళి నాకు అంటుకున్నది!"

"అత్తమ్మకెళ్ళి కాదు, ఈ లైటుకెళ్ళి అంటుకున్నది. దీని డబ్బా మీద మార్కులే లేవు. దీన్ల ఎరుపు సరిగ్గ లేదు వదినా. లైటుల లేని రంగు బట్టల ఎట్ల కనబడ్తది? దీని కింద మెరూన్, కాఫీ అన్నదమ్ములే. నేను కూసున్నా, ఆ మాధురి కూసున్నా గిదే కథ. మొబైల్ అమ్మేటోనికి నడుస్తది, వాని దగ్గర అన్నీ నల్ల ఫోన్లే."

"అంటే అత్తమ్మ కన్ను..."

"గద్ద కన్ను. మొన్న రోడ్డవుతలికెళ్ళి నా అంగీ మీది చాయ్ మరక చూసి, ఏ హోటల్‌దో చెప్పింది."

"సరిగ్గ చెప్పిందా?"

"పేరుతోని చెప్పింది."

"దీపావళి సంది నేను ఊకెనే ఏడుస్తున్న! ఇయ్యి, ఆ తొంబై అయిదుది ఇయ్యి. రెండియ్యి."

"గుండ్రంగున్నది కదా?"

"నోరు ముయ్యి. ఆటో పిలువు. పెండ్లోళ్ళు వచ్చే లోపల పదకొండు పీసులు మార్చాలె. పరీక్ష పెట్టనీ మాధురిని, ఇరవై జతలు పెట్టనీ! ...ఆగు. నువ్వు ఆగు."

"ఏంది?"

"నేను సంచి పట్టుకొని వచ్చినప్పటి సంది నువ్వు నవ్వుతున్నవ్. నీకు ముందుగాలనే తెలుసు. ఎందుకు చెప్పలే?"

"ఒట్టు వదినా. పొద్దుగాల చెడ్డ లైటు తీస్కపోయినామె పెట్టించుకున్నది. ఆమెకు కూడ లైటుదే తప్పని చెప్పిన. 'నువ్వు లైట్లమ్ముకో, కండ్ల సంగతి నాకు చెప్పకు' అన్నది."

"ఆమె ఒట్టుకు, నాకు ఏం సంబంధం? ఎవరామె?"

"'పగటాల మా ఝాన్సీ కట్టిన జతలు తెల్లారి నా దగ్గరికి వాపస్ వస్తున్నయ్ రా, పిల్ల కన్ను పోయింది, దాసిపెట్టలేక చస్తున్న, నాలుగ్గంటలకు ఎవ్వరికీ రంగు తెల్వని లైటియ్యి' అని ఇక్కడనే కూసొని ఏడ్చింది వదినా. జల్ది పో, నువ్వు వచ్చే లోపల బిగిస్తనని మా స్టూలు కూడ తీస్కపోయింది."