ఆగిన బండికి మొదటి దెబ్బ

"నీళ్ళు గ్లాసుతో కొలిచి ఇవ్వాలి. రక్తపోటు ఈ చేతికే చూడాలి, డయాలిసిస్‌కి సూది గుచ్చే ఆ చేతికి చూడకూడదు. ఆరేసిన దుప్పట్లు వాన రాకముందే లోపలికి తేవాలి. కూరలో ఉప్పు వెయ్యకూడదు. అక్క వచ్చేలోగా ఆ కాగితం మీద మీ చేత సంతకం పెట్టించాలి. ఇవీ బావా, అక్క నాకు అప్పజెప్పి వెళ్ళిన పనులు."

"మొదటివన్నీ అయ్యాయిగా. ఇక ఆట ఆడు."

"చివరిది?"

"చివరిది ఆటలో లేదు. ఇప్పుడు నా వంతు. బండి కదుపుతున్నా."

*అంబులెన్సు నడిపే బావకు రెండు మూత్రపిండాలూ పాడయ్యాయి. తనదొకటి ఇస్తానని భార్య, వద్దని, ఒప్పుదల కాగితం మీద సంతకం పెట్టనని ఆయన. ఆఖరి పరీక్ష ఫలితం తెలుసుకోవడానికి ఆమె ఆసుపత్రికి వెళ్ళింది. ముందుగదిలో ఆయన, ఆమె తమ్ముడు ఎదురెదురుగా కూర్చున్నారు. మధ్యన బల్ల మీద ఆరు మూలల గళ్ళున్న యుద్ధపటం, దళాలకూ బండ్లకూ గుర్తుగా అట్టబిళ్ళలు, తమ్ముడి చేతిలో ఆట రూళ్ళ ఇంగ్లీషు పుస్తకం.*

"ఆగండాగండి. బండి ఎక్కడికి?"

"వంతెన మీదికి. వంతెన దాటితే గెలిచినట్టేగా."

"మరి పొలంలో పడున్న మీ దళం?"

"ఏ దళం?"

"ఏ దళమా! ఇదిగో, దెబ్బ తగిలి తిరగబడ్డ ఈ బిళ్ళ. బండి వాళ్ళ గడిలోంచే పోతోంది. ఎక్కించుకోరా?"

"ఎక్కించుకోను."

"ఈ మాటంటున్నది మీరేనా బావా? గాయపడ్డవాళ్ళని వదిలేసి రానని మొండికేసి ప్రతి ఆటా ఓడిపోయారు. అంబులెన్సు తోలేవాణ్ణి, అట్టముక్కనైనా సరే దారిలో వదల్ననీ, ఇంకోసారి వదలమంటే పటం చింపేస్తాననీ నా మీద ఎంత ఎగిరారు!"

"ఓడి ఓడి బుద్ధొచ్చింది. పైగా రూలు ఒప్పుకోదు. కాల్బలం అధ్యాయం నువ్వేగా చదివి చెప్పావు? బిళ్ళ తిరగబడితే ఆ దళం వెనక్కి పాకడం తప్ప ఇంకేమీ చెయ్యకూడదు. బండెక్కడం మాత్రం చెయ్యడం కాదూ?"

"అది కాల్బలం సంగతి. బండ్ల అధ్యాయంలో ఇంకోలా ఉంది, వినండి. 'ఆగి ఉన్న బండి, తన గడిలో ఉన్న ఏ దళాన్నైనా ఎక్కించుకోవచ్చు.' ఏ దళాన్నైనా అన్నాడు. దెబ్బ తగలని దళాన్నే అనలేదు."

"అంతేనా?"

"అంతే."

"బొటనవేలు తియ్యి."

"ఏ బొటనవేలు?"

"ఎన్నున్నాయిరా ఆ పేజీ మీద? నాకు ఇంగ్లీషు రాకపోవచ్చు, కళ్ళున్నాయి. నీ వేలి కింద ఇంకో లైనుంది."

"అది... మామూలు లైనే బావా."

"ఉన్నది ఉన్నట్టు చదవవయ్యా లెక్చరరూ. మా వంశంలో మొదటి డిగ్రీ వీడిదేనని మీ అక్క కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకుంది. చదువు."

"'శత్రువుకి కనబడే చోట బండి ఆగితే, దళం ఎక్కేలోపే శత్రువు కాల్చవచ్చు. మొదటి దెబ్బ బండికే.'"

"మేడ మీద నీ మెషిన్‌గన్ ఉందా?"

"ఉంది."

"దానికి ఈ పొలం కనబడుతోందా?"

"కనబడుతోంది."

"మరి? తిరగబడ్డ బిళ్ళ కోసం నిక్షేపంలాంటి బండిని తీసుకెళ్ళి తుపాకి ముందు నిలబెట్టమంటావు. అదీ వేలు అడ్డం పెట్టి మరీ! ఆ డాక్టరూ ఇంతే. 'ఆవిడకేం కాదండీ, ఒక్క కిడ్నీతో హాయిగా బతకొచ్చు' అని నవ్వుతూ చెప్పాడు. ఆయన వేలి కింద ఏ లైనుందో!"

"ఆయనేం దాచలేదు. ఏమేం జరగొచ్చో అన్నీ అక్కకి విడమరిచి చెప్పాడు. నేనక్కడే ఉన్నా."

"అన్నీ విని కూడా ఇస్తానందా?"

"విన్నాకే ఇస్తానంది. నాది తీసుకోమంటే, షుగరుంది పొమ్మన్నారు. ఇక ఉన్నది అక్క ఒక్కతే."

"మనం ఆటలో ఉన్నాం."

"నేనూ ఆటలోనే ఉన్నా. రెండు రూళ్ళు కొట్టుకుంటున్నాయి. ఒకటి కూడదంటోంది, ఒకటి ఎక్కించుకోవచ్చంటోంది. ఇలాంటప్పుడు మనింటి పద్ధతేమిటి?"

"నాకే చెప్తావా? పెట్టిందే నేను. లాభపడేవాడు నోరు మూసుకోవాలి. నష్టపోయేవాడిదే తీర్పు."

"ఎందుకు పెట్టారో?"

"ఎందుకంటే, లాభపడేవాడికి ఏ రూలైనా తియ్యగానే వినిపిస్తుంది."

"ఇప్పుడు లాభం ఎవరికి?"

"ఎక్కితే దళానికి."

"నష్టం?"

"బండికి."

"అయితే దళం నోరు మూసుకోవాలి. తీర్పు బండిది."

"అట్టముక్కకి నోరుంటుందట్రా?"

"ఉంది బావా. మీరు మంచం పట్టిన దగ్గర్నుంచీ మొత్తుకుంటూనే ఉంది. ఆపుతానండీ, ఎక్కండీ, ఆపుతానండీ, ఎక్కండీ అని. మీరు వింటేగా!"

"గొంతు తగ్గించు."

"తగ్గించను. మీరు వద్దన్న ప్రతిసారీ అక్క పెరట్లోకి పోయి గిన్నెలు తోముతుంది. తోమినవే తోముతుంది. ఆ చప్పుడు మీకు వినబడదా?"

"వినబడుతుంది."

"వినబడి?"

"నేను ఎక్కించేవాణ్ణిరా. ఎక్కేవాణ్ణి కాదు. బండి వెనక పడుకోబెట్టినవాళ్ళు దారంతా ఒకటే కలవరింత, 'ఇంటావిడేదీ, ఇంటావిడేదీ' అని. ఆవిడ పక్కనే ఉండేది. నిక్షేపంగా, నిబ్బరంగా, వాడి కాలు పట్టుకుని కూర్చుని ఉండేది. అద్దంలో ఆవిణ్ణి చూసి, ఫర్వాలేదు, వీడికి మనిషుంది అనుకుని తోలేవాణ్ణి. ఆ మనిషినే కోసి నాలో కుట్టుకుంటే, రేపు మీ అక్క పడుకున్న రోజున పక్కన ఎవర్రా కూర్చునేది?"

"నేను కూర్చుంటా."

"నువ్వా?"

"నన్ను పెంచింది అక్క. నేను కాకపోతే ఇంకెవరు కూర్చుంటారు బావా?"

"కూర్చుంటావులే. నువ్వు కూర్చునే రకమే."

"మరి తీర్పు?"

"బండిదేనంటావు."

"నేనేమిటి, మీ పద్ధతే అంటోంది."

"సరే. ఇదిగో, పొలం గడిలో ఆపాను బండి. ఎక్కిస్తున్నా. ఆ పెన్ను ఇలా ఇవ్వు."

"నిజంగానా?"

"పెన్నురా! మనసు మారకముందే."

"ఇక్కడ బావా. ఇక్కడొకటి, వెనక పేజీలో ఇంకొకటి."

"పెట్టేశా, రెండు చోట్లా. అదుగో, గేటు చప్పుడైంది. మీ అక్కే."

*ఆమె లోపలికి వచ్చి, గడప దగ్గరే నిలబడిపోయింది.*

"అక్కా! పెట్టారు! బావ సంతకం పెట్టారు!"

"దుప్పట్లు తెచ్చావట్రా లోపలికి?"

"తెచ్చా. అక్కా, నీకు వినబడిందా?"

"బాగా ఆరాయా? ఆరకపోతే వాసనేస్తాయి."

"ఏమే, ఇన్నాళ్ళూ సంతకం, సంతకం అని నా ప్రాణం తోడేశావు. తీరా పెడితే దుప్పట్ల గోలేమిటి? ఇదిగో, చూసుకో."

"మీ అంతట మీరే పెట్టారా? వీడు చెయ్యి పట్టుకుని పెట్టించాడా?"

"నేనే పెట్టా. నీది నాకు కావాలి. ఇస్తావా?"

"ఏమండీ..."

"ఇస్తావా అని అడుగుతున్నా."

"ఇస్తానండీ. ఇప్పుడైనా ఇస్తాను. వాళ్ళే ఇవ్వనివ్వట్లేదు."

"ఏమైందక్కా?"

"ఆఖరి పరీక్షలో కలవలేదట. నాది పెడితే ఈయన రక్తమే దాన్ని బతకనివ్వదట. అర్థమైందా అమ్మా అని డాక్టరు మళ్ళీ మళ్ళీ అడిగాడు. మొదటిసారే అర్థమైంది. అయినా అన్నిసార్లూ చెప్పించుకున్నాను, ఏ ఒక్కసారైనా వేరేలా చెప్తాడేమోనని."

"ఇలా రా. కూర్చో. నేనడిగాను, నువ్విస్తానన్నావు. మొగుడూ పెళ్ళాల మధ్య అంతకన్నా ఏం కావాలే?"

"నిజంగా మనస్ఫూర్తిగానే అడిగారా?"

"అడిగానే. వీడే సాక్షి."

"నావల్లే ఒప్పుకోలేదు, నేను సరిగ్గా అడగలేదు అనుకునేదాన్ని. ఆ బాధైనా తీరింది. ఉండండి, మొహం కడుక్కుని వస్తాను."

*ఆమె పెరట్లోకి వెళ్ళింది.*

"బావా."

"నీ మెషిన్‌గన్ వంతు. పాచిక వెయ్యి."

"బావా, మీరు ఉలిక్కిపడలేదు."

"ఉలిక్కిపడితే కిడ్నీలు మొలుస్తాయా?"

"అక్క చెప్పకముందే మీకు తెలుసు."

"మెల్లిగా మాట్లాడు. ల్యాబులో మనవాడున్నాడుగా, వాడు పొద్దున్నే ఫోన్ చేశాడు. 'కలవలేదన్నా' అని ఏడ్చాడు. నేనే వాణ్ణి ఓదార్చాల్సి వచ్చింది."

"తెలిసీ అక్కని పంపించారా?"

"నా నోటితో వింటే, వద్దని నేనే కల్పించాననుకుంటుంది. మీ అక్క సంగతి నీకు తెలీదూ?"

"మరి ఇందాకటి పోట్లాటంతా?"

"అడిగీ అడగ్గానే పెట్టేస్తే నువ్వు నమ్మేవాడివా? నువ్వు నమ్మకపోతే మీ అక్క నమ్మేదా?"

"నేనేదో రూలు చెప్పి మిమ్మల్ని ఒప్పించాననుకున్నా."

"బాగానే చెప్పావురా. వేరే రోజైతే ఓడిపోయేవాణ్ణేమో అనిపించింది కాసేపు."

"ఒకవేళ కలిసి ఉంటే? అప్పుడూ పెట్టేవారా సంతకం?"

"పాచిక వెయ్యరా, మీ అక్క వచ్చేస్తుంది."

"చెప్పండి బావా."

"పెట్టేవాణ్ణి కాదు. ఇది నీ కడుపులోనే ఉండిపోవాలి. రేపెప్పుడైనా మా ఇద్దరి కథ ఎవరైనా చెప్పుకుంటే, వినేవాళ్ళు ఎవరైనా సరే, నన్ను మర్చిపోండి, ఫర్వాలేదు. మొదటి దెబ్బ తనకేనని తెలిసీ ఆగుతానన్నది మీ అక్క. ఆవిణ్ణి మాత్రం గుర్తుపెట్టుకోండి."