నేర్పడానికి సరిపడా మందు

ఆదివారం పొద్దున. రిటైరైన డాక్టరు ఎడమ కాలు స్టూలు మీద పెట్టుకుని కూచున్నాడు. ఆసుపత్రి ల్యాబులో పనిచేసే కూతురు ఎదురుగా ఉంది, చేతిలో మూతపెట్టిన రెండు గాజు ప్లేట్లు. డాక్టరు భార్య లోపల ఏదో పనిలో ఉంది.

"కాలు సంగతి తర్వాత. ముందు ఆ వాసన సంగతి తేల్చు. ఈ అపార్టుమెంటులో ముక్కున్నవాడెవడూ బతకలేకపోతున్నాడు."

"కాలు సంగతే ముందు నాన్నా. ముల్లు గుచ్చుకుని మూడు వారాలైంది. పాదం చూడు, దిండులా ఉబ్బింది."

"తగ్గుతోంది."

"ఇది ఎన్నో మందు?"

"మూడోది."

"మరి మొదటి రెండూ?"

"లొంగలేదు. ఏదో మొండిఘటం తగులుకుంది. అయినా నలభై ఏళ్ళు వైద్యం చేసినవాణ్ణి, నా కాలికి నేను మందేసుకోలేనా?"

"ఇవాళ నాతో ఆసుపత్రికి వస్తున్నావు. అశ్రద్ధ చేస్తే విషం రక్తంలోకి ఎక్కుతుందని నువ్వే ఎంతమందిని భయపెట్టలేదు?"

"వస్తాలే, సాయంత్రం మీటింగయ్యాక. ట్యాంకు చూసుకునే అతణ్ణి మాన్పించమని కాయితం రాశాం. మొదటి సంతకం నాదే."

"అతనేం చేశాడు?"

"ఏమీ చెయ్యలేదు, అదే నేరం. ఇన్ని ఇళ్ళ మురుగు శుభ్రం చెయ్యాల్సిన ట్యాంకు అలా కంపుకొడుతుంటే గుడ్లప్పగించి చూస్తున్నాడు."

"శుభ్రం చేసేది అతను కాదు నాన్నా, అందులో ఉండే సూక్ష్మజీవులు. కోట్ల కొద్దీ ఉంటాయి, పాపం నోరెత్తకుండా మన మురుగంతా తింటాయి. అవి చచ్చిపోయాయి. తినేవి లేక మురుగు మిగిలిపోయింది, అదీ కంపు. ఖాళీ అయిన చోట్లో ఇంకేవో వచ్చి కాపురం పెట్టాయి. దాదాపు ఏ మందుకీ చావనివి."

"నీకెలా తెలుసు?"

"ఇదుగో, ప్లేటు. చదివి నువ్వే చెప్పు. నాకు చదవడం నేర్పింది నువ్వేగా."

"కళ్ళజోడేదీ... ఆఁ. ఎనిమిది కాగితం బిళ్ళలు, ఒక్కోదానిలో ఒక్కో యాంటీబయాటిక్కు. మందు పనిచేస్తే చుట్టూ ఉన్న క్రిములు చచ్చి ఖాళీ వలయం కనబడాలి. ఇక్కడ లేదు... ఇక్కడా లేదు... ఇదేమిటే, ఏకంగా బిళ్ళల మీదకే ఎక్కి కూచున్నాయి?"

"ఏమై ఉంటుంది?"

"ఎవడో బుద్ధిలేనివాడు వీటికి మందు అలవాటు చేశాడు. ఒక్కసారే గట్టిగా వేస్తే చచ్చి ఊరుకునేవి. కొంచెం కొంచెంగా, వారం వారం పోసుంటాడు. అది చంపడానికి చాలదు, నేర్పడానికి చాలు. బలహీనమైనవి పోతాయి, తట్టుకున్నవి పిల్లల్ని పెడతాయి. పైగా ఒకటి నేర్చుకున్న విద్య పక్కదానికి అప్పజెబుతుంది, సొంత జాతి కాకపోయినా సరే. అంత కలుపుగోలు మనుషులు మన అపార్టుమెంటులో కూడా లేరు."

"వారం వారం అని నీకెలా తెలుసు?"

"ఊహించాను."

"నాన్నా."

"ఏమిటి?"

"క్లినిక్కు మూసేసినప్పుడు కంపెనీలవాళ్ళిచ్చిన శాంపిళ్ళు అట్టపెట్టెల నిండా తెచ్చావు, గడువు దాటిపోయినవి. అటక మీద ఇప్పుడు ఒక్క పెట్టె కూడా లేదు."

"చెత్తలో పడేస్తే ఏ పసివాడో చాక్లెట్లనుకుని మింగడూ? డాక్టరన్నాక ఆ మాత్రం బాధ్యత ఉండక్కర్లేదా?"

"అందుకని?"

"అందుకని... గోరువెచ్చటి నీళ్ళలో కరిగించి..."

"కరిగించి?"

"ఆదివారం ఆదివారం టాయిలెట్లో పోస్తున్నాను. ఒక్కో బిళ్ళా రేకులోంచి ఊడదీసి. వేళ్ళు ఎంత నొప్పెట్టేవో తెలుసా?"

"పాపం, ఆ బుద్ధిలేనివాడికి వేళ్ళనొప్పులు కూడానా."

"వెక్కిరించకు. సాయంత్రం ఆ కాయితం చింపేసి, అందరి ముందూ అతనికి క్షమాపణ చెబుతాను. సరేనా? ఆ రెండో ప్లేటేమిటి, అదీ ట్యాంకుదేనా? అచ్చం ఇలాగే ఉంది."

"ఇది ఒక్కటే ట్యాంకుది. నువ్వు ఇందాకణ్ణించీ చదువుతున్నది నీ కాలిది. మొన్న పుండు తుడిచిన దూది పట్టుకెళ్ళాను."

"నా కాలిదా? ఆ రెండోది కూడా ఇలా ఇవ్వు, పక్కపక్కన పెట్టి చూస్తాను."

"చూడు నాన్నా. రెండూ ఒకటే."

"మొక్కలకి పోసేది ఆ ట్యాంకులో శుభ్రమై వచ్చే నీళ్ళేగా. చెప్పుల్లేకుండా గులాబీ కుండీల మధ్య తిరిగింది నేనేగా."

"నాకు భయంగా ఉంది. నీ ప్లేటు చూడగానే ల్యాబులో ఎవరికీ చెప్పలేక బయటికొచ్చి ఏడ్చాను."

"ఊరుకో తల్లీ. అన్నీ చూశాకేగా ఏడవాల్సింది. ఎనిమిదోది చూద్దాం పట్టు... ఇదుగో, ఈ అంచున. దీని చుట్టూ వలయం ఉంది. శుభ్రంగా, గుండ్రంగా ఉంది."

"అవును. రెండు ప్లేట్లలోనూ పనిచేసేది అది ఒక్కటే. ఆసుపత్రిలో ఉంచుకుని దాన్నే ఇస్తారు. మాట్లాడే వచ్చాను. చొక్కా మార్చుకో."

"ఏ మందది? బిళ్ళ మీద అక్షరాలు ఆనడం లేదు."

"నీకు తెలిసిందే. ఇంత మంచి మందు ఎవరికి పడితే వాళ్ళకి ఇవ్వకూడదని దాచేవాడివి చూడు, ఆ పసుపు డబ్బాది."

"పసుపు డబ్బా..."

"ఊఁ. ఏం?"

"ఇవాళ ఆదివారం కదూ?"

"నాన్నా, ఎందుకలా చూస్తున్నావు?"

"ఇదుగో, లోపల వింటున్నావా? బాత్రూములో బకెట్టుంది, పొద్దున్నే ఆఖరి పెట్టె కరగబెట్టాను, ఆ పసుపు డబ్బాలవే. దాన్ని ముట్టుకోకు. ఒక్క చుక్క కూడా కింద పడనివ్వకు."

"ఆ పచ్చనీళ్ళేనా? కాలునొప్పితో మీరెక్కడ లేస్తారని నేనే టాయిలెట్లో పోసేశానండీ. బకెట్టు రెండుసార్లు తొలిచి, ఆ నీళ్ళు కూడా అందులోనే పోశాను."