రెండు పేజీల తేడా

హలో… ఆ, నేనే. శ్యామలాంబ టీచర్నే. చెప్పు క్రిస్టినా.

… ఇవాళ మంగళవారం కదమ్మా. క్లాసు రేపు నాలుగింటికి. … ఆఖరి పాఠం, అవును. గుర్తుంది.

… ఏంటా చప్పుడు? గట్టిగా చెప్పు.

… ఆటోలోనా? పొద్దున్నే ఖరగ్‌పూర్ అంతా తిరుగుతున్నావా ఏంటి?

… ఎక్కడ?

… రాజమండ్రిలో దిగావా. ఎప్పుడు?

… కాదు కాదు, సంతోషమే. ముందు ఒక మాట చెప్పాలి కదా.

… సర్‌ప్రైజా. ఆ… అయింది.

మరి నాయనమ్మ? … అత్తయ్య వచ్చిందా. కళ్ళు ఎలా ఉన్నాయి? … అసలు కనపడట్లేదా. … బైబిలు నువ్వే చదివి వినిపించావా. కీర్తన మొత్తం? తడుముకోకుండా? … రెండు చోట్లేనా. పర్వాలేదు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ పెరిగి అక్షరం ముక్క రానిదానివి, ఏడు నెలల్లో ఇంతకొచ్చావంటే…

క్రిస్టినా, నే చెప్పేది విను. ఇవాళ కుదరదు. నాకు ఒంట్లో బాలేదు.

… జ్వరం. … డాక్టరు చూశాడు. నువ్వేం తేనక్కర్లేదు. రాజమండ్రిలోనే ఎక్కడైనా రూము తీసుకుని, రేపు బండెక్కి వెళ్ళిపో. ఆఖరి పాఠం ఎప్పట్లాగే ఫోన్లో చెప్పేస్తాను. కావాలంటే ఇప్పుడే పేజీ ఫోటో తీసి పెడతాను, చూసి చదువుకో.

… అన్నానా?

… ఫోటోలో చదివితే చదువు కాదన్నానా. … ఆ, పీడీఎఫ్ అడిగినప్పుడు తిట్టాను. పుస్తకం పోస్టులో వచ్చేదాకా మొదటి పాఠం మొదలుపెట్టలేదు. గుర్తుంది. అప్పుడలా అన్నాను, ఇప్పుడిలా అంటున్నాను. పెద్దదాన్ని, మాట మారుస్తాను. నీకేంటి?

… నవ్వకు.

… నేను రమ్మన్నానా? ఎప్పుడు?

… పుస్తకం మొదటి పేజీలోనా. నా చేత్తో రాశానా?

… ఏదీ, చదువు.

…

… మళ్ళీ చదువు. మెల్లిగా.

… ‘ఆఖరి పాఠం స్క్రీన్ మీద చెప్పను. పుస్తకం పట్టుకుని కొవ్వూరు రావాలి. ఎదురుగా కూర్చుని చదవాలి.’ … కింద సంతకం ఉందా. … ఉందా.

… లేదు, మర్చిపోలేదు. చేతిరాత కూడా చదివేస్తున్నావే, అనుకుంటున్నాను.

… ఆ చప్పుడేంటి, రైలా? … కాళ్ళ కిందనుంచి వెళ్తోందా. అయితే బ్రిడ్జి ఎక్కేశారన్నమాట. … సగం దాటారా.

క్రిస్టినా, ఆటో వెనక్కి తిప్పమను. … ఒన్‌వే కాదులే. తిప్పచ్చు. … నా మీద గౌరవం ఉంటే తిప్పమను.

… ఏడుస్తున్నావా? … సరే, తిట్టట్లేదు. ఆపు.

… ఎవరు మాట్లాడతానంటున్నారు? … డ్రైవరా? నేను తెలుసా అతనికి? … వద్దు. ఇవ్వకు. క్రిస్టినా, ఫోను అతనికి—

… ఆ. ఎవరండీ?

… వీరబాబు గారా. … ఆరో తరగతిలో అమ్మ పాఠం చెప్పిందా మీకు. … కొట్టేది, అవునండి. కొబ్బరీనెతో. దెబ్బ కన్నా చప్పుడెక్కువ.

… ఆ, పావనినే. … లేదండి, నా గొంతు అమ్మ గొంతులాగే ఉంటుంది. ఫోన్లో అందరూ పొరబడేవారు.

… ముప్ఫై మూడు రోజులైందండి. … నిద్రలోనే. … మీరొచ్చారా ఆ రోజు? నేను చూళ్ళేదు. ఎవర్నీ చూళ్ళేదండి.

ఏవండీ, ఎక్కడ ఆపారు? … బ్రిడ్జి దిగాక, టీ కొట్టు దగ్గరా. ఆ అమ్మాయి పక్కనే ఉందా? … ఒక్క నిమిషం అటు దూరంగా రండి.

… ఆ అమ్మాయికి తెలీదు. … అమ్మే మాట్లాడుతోందనుకుంటోంది. … మూడు వారాల్నుంచి. … తప్పేనండి. తెలుసు.

మీరు చెప్పకండి. నేనే చెబుతాను. ఫోనివ్వండి. … అలాగేనండి.

… క్రిస్టినా. … ఏం లేదు, పాత శిష్యుడట. కూర్చున్నావా? … బెంచీ మీద కూర్చో. టీ చెప్పుకో.

… నేను శ్యామలాంబ గారిని కాదు. వాళ్ళమ్మాయిని. పావని.

అమ్మ లేదు.

… ఇదే మొదటిసారి ఈ మాట అనడం. ఫోన్లన్నీ తమ్ముడే చేశాడు. నాకా అవసరం రాలేదు. నీకే మొదట చెప్పాను.

… ఉన్నావా?

… పోయాక పన్నెండు రోజులు అమ్మ ఫోను ఎవరూ తియ్యలేదు. పెద్దకర్మ అయింది, అందరూ వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం నాలుగింటికి మోగింది. ‘టీచర్ గారేనా?’ అన్నావు. ‘ఆ, నేనే’ అన్నాను. అంతే. ఏం ఆలోచించలేదు. స్టాండు అలాగే ఉంది, ఛార్జరుకి పెట్టిన ఫోను కిందకి చూసేలాగా. కింద పుస్తకం తెరిచే ఉంది. మధ్యలో కళ్ళజోడు. కళ్ళజోడు తీసి పక్కన పెట్టాను. అక్షరాలు చూపించే ఈనె అక్కడే ఉంది. తీసుకుని పేజీ మీద పెట్టాను. ఎలాగూ నీకు కనపడేది పుస్తకం, చెయ్యి. మొహం ఎప్పుడూ చూపించలేదు కదా అమ్మ.

… మోసమే. కాదని ఎందుకంటాను.

… ఏంటి?

… మళ్ళీ చెప్పు.

… తెలుసా? … ఎప్పట్నుంచి?

… మొదటి రోజు నుంచా. నా చెయ్యి చూసి… కాదా? గొంతు పట్టేశావా? … అదీ కాదా. మరి?

… పేజీ నంబరా.

… అరవై నాలుగు తియ్యమన్నాను, అవును. నా ముందున్నది అరవై నాలుగే.

… నీ దాంట్లో అరవై నాలుగు అయిపోయిన పాఠమా?

… ఆగు. నీది రెండో ముద్రణ. … ముందుమాట ఎన్ని పేజీలు? … రెండు. దీంట్లో ముందుమాట లేదు. ఇది అమ్మ పాత పుస్తకం, మొదటి ముద్రణ.

… అమ్మ ఎప్పుడూ నీ నంబరే చెప్పేదా. రెండు కలిపి.

… ఒక్కసారి కూడా తప్పలేదా.

… నేను అరవై నాలుగు అన్నాను. నువ్వేం అనకుండా అరవై ఆరు తీశావు. … తర్వాత అరవై ఆరు అంటే అరవై ఎనిమిది. … తొమ్మిది క్లాసులు, క్రిస్టినా. తొమ్మిది క్లాసులూ నీలో నువ్వే రెండేసి కలుపుకున్నావా.

… ఎందుకడగలేదు?

… పోయారని తెలీదు. సరే. ఎవరో వేరే మనిషని తెలుసు కదా. అడగొచ్చు కదా.

…

… మీ తాతయ్య పోయాకా. … రోజూ ఆయన గ్లాసులో టీ పోసేదా నాయనమ్మ. … ఆర్నెల్లు. … చల్లారాక పారబోసేదా. ఎవరూ ఏమీ అనలేదా.

… ఆ. అర్థమైంది.

… లేదు, ఏడవట్లేదు. … రాలేదమ్మా, ఒక్కసారి కూడా. తమ్ముడు భయపడుతున్నాడు, తణుకు వచ్చెయ్యమంటున్నాడు. బాధగా లేదు నాకు. ఏమీ లేదు. అన్నం తింటున్నాను, పులుసులో ఉప్పుందో లేదో తెలీదు. సోమ బుధ శుక్రవారాలు మాత్రం మూడున్నరకి లేచి మొహం కడుక్కుంటున్నాను. అంతవరకు తెలుస్తోంది.

… అందుకే రావద్దన్నాను. ఆఖరి పాఠం అయిపోతే ఇంక నాలుగింటికి ఏం చెయ్యాలో తెలీదు.

ఇంకోటి కూడా ఉంది. నేను టీచర్ని కాదు. ప్రతి పాఠం పక్కనా అమ్మ పెన్సిలుతో రాసుకుంది. ‘ఇక్కడ ఆపు’, ‘పిల్లని చదవనియ్యి’, ‘మళ్ళీ అడుగు’. అది చూసి నడిపించాను. అంతే నా పాఠం. ఆఖరి పాఠం పక్కన ఏం రాయలేదు. పేజీ అంతా వెతికాను. ఖాళీ.

… ఏమో. ఎదురుగా కూర్చుని చెప్పేది కదా, రాసుకోవక్కర్లేదనుకుందేమో.

… నువ్వు చదువుతావు, సరే. నేనేం చెయ్యాలి?

… వినాలా. … వినడం వచ్చు.

… వీరబాబు గారు ఏంటంటున్నారు? … ఆయనా వస్తానంటున్నారా లోపలికి? రమ్మను. ఆరో తరగతి పాఠం అప్పజెప్పమంటానని చెప్పు. … నవ్వుతున్నారా. సరే.

… తెలుసుగా ఆయనకి ఇల్లు. ఐదు నిమిషాలు పడుతుంది. … జ్వరం లేదమ్మా. ఏమీ తేవద్దు. పుస్తకం తే చాలు.

దార్లో తీసి ఉంచుకో. ఎనభై రెండు.

…

… ఆగు. కలపకు. నేను చెబుతాను.

నా దాంట్లో ఎనభై రెండు. నీ దాంట్లో ఎనభై నాలుగు.

… ఆ. తలుపు తీసే ఉంటుంది. పెట్టేస్తున్నాను.