పన్నెండు తర్వాత పదకొండు

గోడ దిక్కు ఏం చూస్తున్నవన్నా, ఇటు తిరుగు. ఆర్నెల్ల సంది అదే గోడ. డాక్టరు ఏమన్నడు? మనుషులను చూడాలె, మాటలు వినాలె అన్నడు. నేను ఈ మోకాళ్ల నొప్పులతోని రెండంతస్తులెక్కి వస్తే నువ్వు అటు మొకం పెట్టి పండుకుంటవు. గోడా మాట్లాడదు, నువ్వూ మాట్లాడవు. మధ్యల ఈ ఓదెలు ఒక్కడే వాగాలె.

కమలమ్మ నీ బట్టలు సర్దుతున్నది. రేపు పొద్దున నిన్ను హన్మకొండకు తీస్కపోతదట గదా. మంచిదే. చెల్లె ఇల్లు, మంచిగ చూస్కుంటది. ఈ చిక్కడపల్లి కిరాయి రూముల నిన్నెవలు చూస్తరు? నేను వద్దంటలేను. వద్దనెతందుకు నేనెవన్ని.

ఏదీ, ఆ ఎడమ చెయ్యి ఇటియ్యి. అవునంటే నా అరచెయ్యిల ఒకసారి కొట్టు, కాదంటే రెండుసార్లు. పక్షవాతం వచ్చినప్పటి సంది మన లెక్క ఇదే గదా. యాదుందా? ఆఁ, ఒకటి. మంచిది.

ఆఖరుసారి మన ఆట ఆడుదామా? నువ్వు మంచిగున్నప్పుడు ఈ యాళ్లకు నారాయణగూడ ఫ్లైఓవర్ దాక నడుస్తుంటిమి. పోస్టరు కనబడ్డకాడల్లా ఆగి నేను, 'అన్నా, నువ్వు హీరోగ చేసిన పిక్చర్ ఆడి ఉంటే?' అంటుంటి. నువ్వు, 'ఆడి ఉంటే ఏమైతుండెరా ఓదెలూ?' అంటుంటివి. ఇయ్యాల రెండూ నేనే అంట.

ఆడి ఉంటే ఏమైతుండె? పిక్చర్లల్ల హీరోలందరు మన లెక్కనే మాట్లాడుతుండిరి. 'ఏంది', 'గట్లనా' నేర్చుకునెతందుకు మాస్టర్లను పెట్టుకుంటుండిరి. రౌడీలు, వంటోళ్లు, నవ్విచ్చేటోళ్లు మాత్రం బెజవాడ మాట మాట్లాడుతుండిరి. మద్రాసోళ్లు స్టూడియో తెచ్చి బాగ్ లింగంపల్లిల పెడ్తుండిరి. నువ్వు తెల్ల కారుల వస్తే అశోక్ నగర్ హాస్టల్ పిల్లలు గ్రూప్ టూ బుక్కులు మూసి ఉరుకుతుండిరి. వాళ్ల పరీక్షల గూడ ఒక ప్రశ్న వస్తుండె: తెలంగాణ మాట మాట్లాడిన మొదటి హీరో ఎవరు? నాలుగు జవాబులల్ల ఒకటి నీ పేరు, ఇంద్రసేన.

నవ్వుతున్నవా? పెదవి జర కదిలింది. అబద్ధమాడకు, నేను చూసిన.

నిన్న మా టాకీస్ కు పోయిన. నేను ముప్పై ఏండ్లు ఆపరేటర్ గ పనిచేసిన క్యాబిన్ల ఇప్పుడు మనిషే లేడు. డబ్బాలు లేవు, రీళ్లు లేవు. పిక్చర్ శాటిలైట్ నుంచి దిగుతదట. కంప్యూటర్ మీద ఒక్కటి నొక్కితే మొదటి నుంచి ఆఖరు దాక అదే నడుస్తది. తప్పు చేద్దామన్నా చెయ్యరాదు. అది చూసినప్పటి సంది నా పాణం పాణంల లేదన్నా.

ఎందుకో చెప్త. గోడ దిక్కు తిరుగకు.

ఎనభై రెండుల నీ పిక్చర్ రిలీజైన శుక్రవారం. మార్నింగ్ షో. రీళ్ల పెట్టె షోకు పావుగంట ముందు వచ్చింది, పద్నాలుగు డబ్బాలు. నువ్వు గళ్ల అంగీ ఏసుకొని వచ్చినవు. ఇంటర్వెల్ దాక ఎట్లనో కూసున్నవు, తర్వాత కూసోలేక బయట సైకిల్ స్టాండ్ కాడ నిలబడ్డవు. నేను క్యాబిన్ కిటికీల నుంచి నిన్నే చూస్తున్న. మన గల్లీల పుట్టినోడు, మన మాట మాట్లాడే హీరో. చూడబుద్ధి కాదా మరి?

డబ్బా మీద నంబరు నమ్మొద్దు, మూత తీసి రీలు మీద నంబరు చూసి ఎక్కియ్యాలె. మా ఉస్తాద్ మొదటి దినం చెప్పిన మాట అది. డబ్బాలు తారుమారైతుంటయి. ఆ దినం నేను చూడలే. పదకొండు అని రాసున్న డబ్బాల పన్నెండో రీలు ఉన్నది, పన్నెండు డబ్బాల పదకొండోది.

నీకు కథ తెలువదా. పదకొండుల నువ్వు చెల్లె చేతి సకినాలు తిని, 'తిరిగొస్తనే చెల్లె' అని మిల్లుకు పోతవు. పన్నెండుల నిన్ను పాడె మీద తెస్తరు. నేను ముందు పాడె చూపిచ్చిన. కాష్టం గూడ కాలింది. ఆ తర్వాత నువ్వొచ్చి పీట మీద కూసొని సకినాలు నమిలినవు. 'తిరిగొస్తనే చెల్లె' అన్నవు. హాలంత పడి పడి నవ్విందన్నా. ఆ నవ్వే నీకు సైకిల్ స్టాండ్ కాడ వినబడ్డది. నీ యాసకే నవ్విండ్రనుకొని నువ్వు తల కిందికేసుకొని గేటు దాటి పోయినవు. నేను పైనుంచి చూస్తనే ఉన్న.

పాడె కనబడంగనే నాకు తెలిసిపోయింది. మిషన్ ఆపాలె, లైట్లు ఎయ్యాలె, రీలు మార్చాలె. ఐదు నిమిషాల పని. ఆపితే జనం కుర్చీలు చింపుతరు, మేనేజర్ వీరరాఘవరావు గారు నౌకరి పీకుతరు. నాకు పెండ్లయి రెండు నెలలు. ఆపలే.

మ్యాట్నీకి సరిగ్గనే ఎక్కిచ్చిన. కానీ మార్నింగ్ షో టాక్ ఎవడు ఆపుతడు? పేపరాయన యాస విని జనం నవ్విండ్రని రాసిండు. మద్రాసుల ప్రొడ్యూసర్లు, హైదరాబాద్ మాట హీరోకు పనికిరాదన్నరు. నువ్వు ఆఫీసుల క్లర్కు అయినవు. పెండ్లి గూడ చేసుకోలే. ఆఫీసుల అందరితోని నీ మాట దిద్దుకొని 'ఎలా ఉన్నారండీ' అంటుంటివి. నాతోని ఒక్కనితోనే మన మాట మాట్లాడుతుంటివి. ఆ 'ఎలా ఉన్నారండీ' విన్నప్పుడల్లా నేను మొకం అటు తిప్పుకుంటుంటి.

చెప్దామనే ఆ శుక్రవారం తర్వాతి ఆదివారం మీ ఇంటికొచ్చిన. నువ్వు తలుపు తీసి, 'టాకీస్ ల పనిచేస్తవు గదా, నిజం చెప్పు, నా మాటకే నవ్విండ్రా?' అని అడిగినవు. 'చాయ్ తాగుదాం పా అన్నా' అన్న. గంతే. ఆ చాయ్ తోనే దోస్తీ అయింది. దోస్తీ అయినంక చెప్తే అది పోతదని భయం.

నీ మనసు తేలికైతదని ఆట నేనే మొదలుపెట్టిన. అన్నేండ్లల్ల 'ఆడి ఉంటే' అని ఎన్ని కథలు కట్టినమో, లెక్కలేదు. ఒక్కటి మాత్రం నేను ఎన్నడూ ఎత్తలే. ఓదెలు ఆ డబ్బా మూత తీసి నంబరు చూసి ఉంటే? చూసి ఉంటే నువ్వు మద్రాసుకు పోతుంటివి. నా పెండ్లాం మంజుల పోయినంక సాయంత్రాలు నాతోని ఎవలు నడుస్తుండిరి? అందుకే ఎత్తలే. నాకు ఆ పిక్చర్ ఆడకపోవుడే కలిసొచ్చింది. ఇది మనిషి అనే మాటేనా, చెప్పు.

నీకు మాట ఉన్నన్ని రోజులు చెప్పే ధైర్యం రాలే. మాట పడిపోయినంక వచ్చింది. ఇప్పుడు గూడ చూడు, నీ చెయ్యి గట్టిగ పట్టుకునే చెప్తున్న. ఇడిస్తే ఏం కొడ్తవో అని.

మాఫ్ చేయమని అడగ. ఆ మొకం లేదు. హన్మకొండ బస్సెక్కి అప్పుడప్పుడు వస్త, రావొచ్చునా, గదొక్కటే అడుగుత. ఒకటా, రెండా, నీ ఇష్టం.

ఇగో, చెయ్యి ఇడుస్తున్న.