ట్యాంకులో పోయిన తాత

పెత్రమాస పొద్దున, వలస వచ్చిన ఉధ్నాలోని అద్దె గదిలో తండ్రి పెద్దలకు నీళ్లు వదిలి చెంబు బోర్లించాడు. మగ్గాల షిఫ్టుకు ఆలస్యమవుతోందని కాలు నిలవడం లేదు. కూతురు ఫోనులోంచి తల ఎత్తలేదు.

“బాపూ, లడాయిల పోయిన ముత్తాతకు నీళ్లు ఇడువలేదేంది?”

“ఆయనకు ఇడువం బిడ్డా. ట్యాంకుల పడి సచ్చిండు. నీళ్లు మింగి పోయినోనికి మల్ల నీళ్లెందుకని మా ముసలవ్వే వద్దన్నది.”

“పడి సచ్చిండని ఎవరన్నరు?”

“ట్యాంకుల సచ్చిండని పటాలం నుంచి ఖబర్ వచ్చింది. లడాయికి పోయి మునిగిండని ఊరంత నవ్విన్రట. సాలు గని, నా డబ్బా ఏది?”

“ఆయన పటాలం కథ గీ ఫోన్ల ఉన్నది. అది నీళ్ల ట్యాంకు కాదు బాపూ. టీవీల జూస్తవు గద, గసొంటి ఫిరంగి బండి. ఆఫ్రికా ఎడారిల బాంబు తాకి అంటుకుంటే లోపలోల్లు బయటికి రాలేకపోయిన్రట.”

చెప్పు తొడుగుతున్న కాలు గడప మీదే ఆగింది.

“ఎడారంటే... నీళ్లు?”

“తాగనీకే సాలకపోయేటియట. ఉన్న నీళ్లు ముందుగాల బండ్ల ఇంజన్ల పోసెటోల్లట.”

బయట మగ్గాలు దడదడమంటున్నాయి.

“బాపూ, షిఫ్టుకు టైమైంది.”

“అయితే కానియ్. ఆ చెంబు నింపుక రా. నిండుగ.”