రోడ్డు చూసి నడుపు

ఆదివారం మధ్యాహ్నం, శేరిలింగంపల్లి రోడ్డు మీద కారు. నడుపుతున్నది యశ్వంత్. వెనక సీట్లో తడిచీరతో అతని తల్లి గంగమ్మ, ఆమె ఒళ్ళో తువ్వాలు చుట్టుకున్న నాలుగేళ్ళ మనవడు కుశల్.

"చీరతోనే స్విమ్మింగ్ పూల్లోకి దూకేసినావంటే ఏమనుకోవల్లమ్మా? ఈత క్లాసులో చేరింది మొన్న. అప్పుడే పోటీలకు తయారయినావు."

"రోడ్డు చూడు."

"చూస్తానే ఉండా. చార్జరు కోసం నేను పైన ఇంట్లోకి పోయొచ్చేలోపల అవ్వా మనవడూ జలకాలాట. నన్నూ పిలిచింటే దిగేవాన్ని కదా."

"కుశూ, కండ్లు తెరువు నాయనా. నా పేరేంది, చెప్పు."

"అవ్వ..."

"అవ్వ పేరు?"

"గంగమ్మ..."

"ఏందమ్మా ఈ ఇంటర్వ్యూ? నీళ్ళల్లో గంతులేసి అలిసినాడు, పండుకోనీ."

"వద్దు. మళ్ళా దగ్గుతాండాడు. జర పోనీ."

"జర అంటాండావే. హైదరాబాదు నీళ్ళు బాగా ఒంటబట్టినాయి. నాలుగు దగ్గులకు ఎమర్జెన్సీ అంటే డాక్టరు నవ్వుతాడు."

"నవ్వనీ."

"నీ ఈత బ్యాచిలో అందరూ యూకేజీ పిల్లోళ్ళే కదా. వాళ్ళు నవ్వరా?"

"నవ్వుతారు. నువ్వూ నీ పెండ్లామూ ఆఫీసుకు పోతే వీనితో ఉండేది నేనే. కిందికి దిగితే నీళ్ళే. భయమయ్యే చేరినా."

"దానికి గేటు పెట్టినారు కదా."

"ఈ పొద్దు దానికి కుర్చీ అడ్డం పెట్టి తెరిచి పెట్టిందెవరు?"

"నేనే. చేతిలో ల్యాప్‌టాపు, మాటిమాటికీ తీసి వేసేకి విసుగు. వాన్ని కదలొద్దని చెప్పే పోయినా. పైన కిటికీ తెరిచే ఉండె. వాడు కేక వేసింటే వినపడేదే. చిన్న చప్పుడన్నా రాలేదు."

"రాలేదు."

"మరి? ఊరికే పరేషాన్ అవుతావు నువ్వు. ఏమ్మా, ఏడుస్తాండావా?"

"చలి. ఎడమకు తిప్పు. ఎమర్జెన్సీ వాకిట్లోనే ఆపు."

"ఆపినా. ఇంగన్నా చెప్పు, ఏందంత తొందర?"

"బండి ఆగింది కాబట్టి చెప్తా. నేను పోయేసరికి వాడు నీళ్ళ అడుగున ఉండె యశ్వంతూ. పైకి తీస్తే ఊపిరి లేదు. నోట్లో ఊదితే వచ్చింది. ఎత్తుకోని లోపలికి పరిగెత్తు."