పక్కింటి వైరిము సగం మాట

“ఆంటీ, పక్కింట్లో ఉండి, చనిపోయిన ఆఫ్రికా పెద్దావిడ మీకు బాగా తెలుసంట కదా. ఆ ఇంటి గురించి అందరూ తలా ఒకటి అంటున్నారు. రేపు లీజు మీద సంతకం పెట్టాలి. ఉన్నదున్నట్టు చెప్పండి.”

ఆ కుర్చీ కాదు తల్లీ, ఇటు కూర్చో. ఈ కిటికీ పక్కన. నడుం వెనక దిండు పెట్టుకో. ఆరో నెల అన్నావు కదూ. మరి ఆ ఒక్క గదిలో, ఇంకో కుటుంబంతో కలిసి ఎన్నాళ్ళుంటారు. ఐర్లండులో, అందులోనూ ఈ ట్రాలీ ఊళ్ళో ఇల్లు దొరకడమంటే మాటలా. నాకు తెలుసు. మా అమ్మాయి సునీత వచ్చిన కొత్తల్లో ఫోన్ చేసి ఏడ్చేది.

ఫోన్‌లో రికార్డు పెట్టావా? పెట్టు. మీ ఆయన డ్యూటీ దిగొచ్చాక వింటాడన్నావుగా. విననీ.

ముందొక మాట. నేను గవర్నమెంటాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయినదాన్ని. గుంటూరు జిల్లాలో. డ్యూటీ దిగేటప్పుడు తర్వాత వచ్చేవాళ్ళకి చార్జి అప్పజెప్పే పద్ధతొకటి ఉంటది, నీకూ తెలుసు, నువ్వూ నర్సువేగా. కళ్ళతో చూసింది వేరే చెప్పాలి, చెవులతో విన్నది వేరే చెప్పాలి, మనం అనుకున్నది అడిగితేనే చెప్పాలి. ఇదీ అట్టానే చెప్తా. ఎక్కడన్నా కలిపేశాననుకో, ఆపు నన్ను.

ఆమె పేరు వైరిము. కెన్యా. కికుయు వాళ్ళు. అది కులం కాదు, జాతి, వాళ్ళకి భాష వేరే ఉంది. కొడుకు కమావు, కోడలు. ఆ పిల్ల కూడా నర్సే, మా సునీత వార్డులోనే. ఇద్దరు మనవళ్ళు. నాలాగే పిల్లల్ని చూసుకోవడానికి పిలిపించుకున్నారు. మనవళ్ళు షోషో అని పిలిచేవాళ్ళు, అంటే మన నాయనమ్మ. మా సునీత కూతురు జెస్సీ కూడా షోషో అనే అనేది. నన్ను అమ్మమ్మా అనడానికి నోరు తిరిగేది కాదుగానీ దానికి, షోషో మాత్రం చక్కగా వచ్చేది.

మేమిద్దరం మాట్లాడుకునే ఇంగ్లీషు చూస్తే నువ్వు నవ్వుతావు. ఆమెది మిషన్ బడి ఇంగ్లీషు, నాది ఆసుపత్రి ఇంగ్లీషు. “ఎక్కడ నొప్పి, ఎన్ని రోజుల్నుంచి” అని తప్ప నాకు సరిగ్గా అడగడం రాదు. అయినా సరిపోయేది. బట్టలు ఆరేసేటప్పుడు మధ్యలో ఆ చెక్క కంచె ఉందే, దాని మీద గడ్డం ఆనించి నిలబడేది. మా ఊళ్ళో నా పెళ్ళప్పుడు ఇంటద్దె నలభై రూపాయలని చెప్తే నమ్మలేదు. వాళ్ళ ఊళ్ళో అసలు అద్దె అనే మాటే లేదంట. ఎవరి మట్టి వాళ్ళు పిసుక్కుని ఎవరి ఇల్లు వాళ్ళు కట్టుకోవడమే. “మీరు నలభై పెట్టి ఏం కొన్నారు, నాలుగు గోడలా, గాలా” అంది.

ఆమెకి సామెతలు ఎక్కువ. థిమో అనేది వాటిని. వంట దగ్గర ఒకటి, కోడలు ఆలస్యంగా లేస్తే ఒకటి, పిల్లలు కొట్టుకుంటే ఒకటి, చుట్టం ఎంతకీ లేవకపోతే ఒకటి. వానకి చాలా ఉన్నాయి, కానీ అన్నీ వాన రాలేదనే వాళ్ళకి. ఏడాదంతా వాన పడే ఈ కెర్రీ జిల్లాలో వాటితో పనేముంది. “నా సామానులో సగం పనికిరాకుండా పోయింది” అని నవ్వేది.

అర్థం అడిగితే మాత్రం ఒప్పుకునేది కాదు. ఒకే సామెతని ఒకరోజు మనవడు అందరికంటే ముందే తినేస్తే వాడి మీద వేసింది. అదే సామెత ఇంటి ఓనరు వచ్చి అద్దె పెంచుతానంటే అతని ముఖం మీద నవ్వుతూ అంది. అతను థాంక్యూ అన్నాడు. ఏందమ్మా దీని అర్థం, అది తిట్టా దీవెనా అంటే, “వాడికి ఒకటి, వీడికి ఒకటి” అంది. అంతే.

ఇంకో సంగతి. దీనికే వస్తున్నా. ఆమె సామెత పూర్తిగా అనేది కాదు. సగం అని ఆగేది. రెండో సగం ఎదుటివాళ్ళు అందుకోవాలి. మా అత్తగారూ అంతే తల్లీ, సగం అని కళ్ళెగరేసి చూసేది, మనం పూర్తిచెయ్యకపోతే మన పుట్టింటివాళ్ళకి తగిలేది దెబ్బ. అట్టాంటిదే. కానీ ఆ ఇంట్లో అందుకునేవాళ్ళు లేరు. కొడుకు పొద్దున పోతే రాత్రికి. కోడలు పట్నంలో పెరిగిన పిల్ల. మనవళ్ళయితే “స్టాప్ ఇట్, షోషో” అని ఇక్కడి యాసలో.

ఆమె వాళ్ళ అమ్మ ఎట్టా చేసేదో చెప్పింది నాకు. సగం మాట అని, ఎవరూ అందుకోకపోతే, గరిటె పట్టుకుని అట్టాగే నిలబడేదంట. కూర మాడినా సరే. ఎందుకంటే అందుకోని మాట పోదంట, ఆ ఇంట్లోనే తిరుగుద్దంట. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. అది నేను కళ్ళతో చూసింది.

తర్వాత నాకొకటి నేర్పింది. ఒక్కటే. రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ కదా. ఆమె సింకు అటువైపు, నా సింకు ఇటువైపు, వీపులు ఆనించుకున్నట్టు. పిల్లలు బడినుంచొచ్చి పాలు తాగాక కప్పులు కడుక్కుంటాం. ఆ వేళకి ఆమె గోడకి ముఖం పెట్టి తన సగం అనేది. నేను ఇటునుంచి నా సగం అనాలి. నోటికి రావడానికి చాలారోజులు పట్టింది. అందులో న్యూంబా అని వస్తది, అంటే ఇల్లు. అదొక్కటే తెలుసు నాకు. మిగతాది శబ్దమే. నేను సరిగ్గా అంటే అటునుంచి “గ్రాండ్” అని, ఇక్కడోళ్ళు బాగుంది అనడానికి అనే మాట, వినపడేది. తప్పితే చెంచాతో గోడ మీద కొట్టేది, మళ్ళీ అనమని. బాగున్నావా అంటే బాగున్నాను అన్నట్టు, అదేదో పలకరింపే అనుకున్నాను. అనుకున్నాను అంటున్నా, చూసుకో.

చలికాలం చివర్లో ఆమెకి ఊపిరి అందకపోతే ఆసుపత్రిలో చేర్చారు. సునీత వార్డు కాదు, పైన. నేను వెళ్ళాను. ఆక్సిజన్ మాస్కు ఉంది. నన్ను చూసి మాస్కు పక్కకి జరిపి ఆ సగం అంది. నేను నోరు తెరిచేలోగా నర్సు వచ్చి మాస్కు సరిచేసింది, తప్పేం లేదు, ఆ పిల్ల పని అది. నేనయినా అదే చేసేదాన్ని. తర్వాత చెబుదాంలే అనుకున్నా. తర్వాత లేదు. మర్నాడు పొద్దున పోయింది. వాళ్ళ ఊరు తీసుకెళ్ళి మట్టిలో పెట్టారు. కమావు లిమరిక్‌లో ఉద్యోగం చూసుకుని కుటుంబాన్ని తీసుకెళ్ళిపోయాడు. ఇల్లు ఖాళీ.

తర్వాత ఒక జంట దిగారు. మనవాళ్ళు కాదు, ఇక్కడి పిల్లలే. మంచోళ్ళు, చెత్త బిన్‌లు కూడా మావి వాళ్ళే బయట పెట్టేవాళ్ళు. ఒకరోజు ఆ అమ్మాయి వచ్చి, ఆంటీ, మధ్యాహ్నం మీ ఇంట్లో రేడియో ఏమన్నా పెడతారా అంది. లేదన్నాను. మా వంటింట్లో ఎవరో ఒకావిడ మాట్లాడినట్టు ఉంటది, మాట మధ్యలో ఆగిపోతది అంది. ఇంకోరోజు గార్డుల్ని, అదే ఇక్కడి పోలీసుల్ని, పిలిచారు. వాళ్ళొచ్చి లాఫ్టు దాకా చూసి, ఎవరూ లేరు, అంతా గ్రాండ్ అని చెప్పి వెళ్ళిపోయారు. ఆ పిల్లలు ఆ నెలలోనే ఖాళీ చేశారు. ఇది నేను విన్నది. నీకు మిగతావాళ్ళు చెప్పేది ఈ ముక్కేగా.

ఇప్పుడు నాది.

జూన్ నెల. తెలుసుగా, సాయంత్రం అన్నం తిన్నాక కూడా మధ్యాహ్నంలా ఎండ. నీడలు మాత్రం పొడుగ్గా పడి ఉంటాయి, ఆ గడ్డి మీద. ఒక్క మనిషి కనపడడు. నాకు ఆ వెలుతురు ఎప్పుడూ నచ్చదు, ఏదో పొద్దుపోవడం మర్చిపోయినట్టు. జెస్సీ ఈ బల్ల దగ్గరే కూర్చుని రంగులేసుకుంటోంది. నేను కప్పులు కడిగి ప్రెస్‌లో, అదే ఈ అలమరలో, పెడుతున్నా. గోడలోంచి వచ్చింది.

పైపుల చప్పుడేమో అని కుళాయి కట్టేశాను. పైపులు కాదు. ఆమె సగం. అదే ఆగడం. ఆగాక చెంచాతో ఒక్క దెబ్బ.

నేను అనకూడదనుకున్నాను, స్రవంతీ. ప్రార్థన చేసుకునేదాన్ని, బైబిలు చదివేదాన్ని, చచ్చినోళ్ళతో మాట్లాడకూడదని తెలుసు నాకు. పెదాలు బిగబట్టుకునే ఉన్నాను. కానీ ఆ మాస్కు గుర్తొచ్చింది. గరిటె పట్టుకుని నిలబడిన వాళ్ళమ్మ గుర్తొచ్చింది. చేతిలో కప్పు తుడుస్తూ తుడుస్తూ, నోరే అనేసింది. నా సగం. ఒక్క తప్పు లేకుండా.

గోడ అవతల ఏమీ లేదు. గ్రాండ్ అని కూడా లేదు.

మా వెనక తలుపు చూశావుగా, వచ్చేటప్పుడు భుజంతో నెడితేగానీ రాలేదు. చెక్క ఉబ్బింది. నేను కప్పు లోపల పెట్టి తిరిగేసరికి అది తెరిచి ఉంది. బార్లా కాదు, ఒక మనిషి పక్కగా దూరేంత. గాలి లేదు ఆరోజు, తీగ మీద బట్ట కదల్లేదు. జెస్సీ తలెత్తి తలుపు వైపు చూసింది. మళ్ళీ కాగితం మీదికి వంగి రంగేసుకుంటూ, “హాయ్యా, షోషో” అంది.

అంతే. నేను చూసింది అంతే. నేను ఎవర్నీ చూడలేదు. తలుపు చూశాను, పిల్లని చూశాను. మర్నాడు దాన్ని అడిగితే, “షీ వాజ్ టైర్డ్, అమ్మమ్మా” అని, కార్టూన్ పెట్టమంది.

ఆ తర్వాత కమావు వచ్చాడు, లిమరిక్ నుంచి, పాత చిరునామాకి వచ్చిన ఉత్తరాలేవో తీసుకోవడానికి. టీ ఇచ్చాను. మాటల్లో, మీ అమ్మ నాకొకటి నేర్పింది, దీని అర్థమేందని రెండు సగాలూ అప్పజెప్పాను. మొదట పడీపడీ నవ్వాడు, నా నోట్లో ఆ మాటలు విని. అమ్మ యాస అచ్చుగుద్దినట్టు వచ్చింది ఆంటీ అన్నాడు. తర్వాత చెప్పాడు. అది వాళ్ళ అమ్మమ్మగారి ఊళ్ళో అనేదంట, అందరూ అనరంట. మొదటి సగం గుమ్మం బయట నిలబడ్డవాళ్ళు అంటారంట. చాలా దూరం నడిచొచ్చినవాళ్ళు, ఇంక పోవడానికి ఇల్లు లేనివాళ్ళు. రెండో సగం లోపలున్న ఇల్లాలు అంటదంట. అన్నదీ అంటే ఆ మనిషి ఇంక చుట్టం కాదు, ఆ ఇంటి మనిషే. తలుపు తట్టక్కర్లేదు. ఎప్పటికీ.

మీరెందుకు అడిగారు అన్నాడు. ఊరికేనయ్యా అన్నాను.

మరి పొమ్మనడానికి కూడా ఒక మాట ఉంటదా అని అడిగాను. ఆలోచించాడు. ఉండే ఉంటది ఆంటీ, నాకు నేర్పలేదు, నేనూ అడగలేదు అన్నాడు. టీ చల్లారిపోయింది. ఆ పిల్లోడి ముఖం చూస్తే నాకే జాలేసింది. ఇంకా చెప్పలేదు అతనికి. వాళ్ళమ్మ మట్టిలో ఉన్నదనుకుంటున్నాడు, అట్టాగే అనుకోనీ.

సునీత పాస్టరుగారిని పిలిచి ప్రార్థన పెట్టించింది. మంచి ప్రార్థన. ఆయన ఆ కుర్చీలో కూర్చోబోయి, ఎందుకో మరి, నిలబడే చేశారు.

భయమా? మొదట్లో ఉంది. ఇప్పుడు పొద్దున పిల్లని బడికి పంపాక ఇల్లంతా చప్పుడు లేకుండా ఉంటది చూడు, అప్పుడు కాస్త మేలే. నేనూ తెలుగులో సగం మాటలు అంటుంటాను, ఇక్కడ అందుకునేవాళ్ళు లేక. వినేవాళ్ళు ఉంటే నయం కదా.

నువ్వడిగింది ఆ ఇంటి గురించి. చెప్తున్నా. బాయిలరు బాగుంది, వెనక గదిలో కాస్త చెమ్మ ఉంది, ఓనరుతో ముందే రాయించుకో. ఆసుపత్రికి నడిచే వెళ్ళొచ్చు. జూన్ తర్వాత ఆ గోడలోంచి ఒక్కసారి కూడా ఏమీ రాలేదు. నేను చెవి పెట్టి విన్నాను. ఆ ఇంట్లో ఏమీ లేదు తల్లీ. ధైర్యంగా సంతకం పెట్టు.

“మరి ఇక్కడ, ఆంటీ?”

టీ తాగు, చల్లారుద్ది.

బిడ్డ క్షేమంగా పుట్టాలి, నీ ఒళ్ళో నవ్వాలి, ఆ ఇల్లు నీకు అచ్చిరావాలి. పురిటికి ఎవరూ రాలేకపోతే నేనున్నాను, పిలువు. వేణ్ణీళ్ళు కాచి ఇస్తాను, ఒళ్ళు పడతాను. మేమిద్దరం... ఆ, అదే, నేనే వస్తాను.

ఇంక ఆ ఫోన్ ఆపు. వెళ్ళేటప్పుడు వెనక తలుపు దగ్గరగా వేస్తే చాలు. గడి పెట్టకు.